డర్బీ గెలిచారు సరే, సీజన్ ఏదీ?

తెలుగువాళ్లలో చాలామందికి సంత్రాగాఛి అంటే ఊరు కాదు, రైలు పేరు. తిరుపతి నుంచో చెన్నై నుంచో బయల్దేరిన బండి హౌరా దాకా వెళ్లకుండా కాస్త ముందే ఆగిపోయే చోటు. సామాను దింపుకుని ట్యాక్సీవాళ్లతో బేరమాడే చోటు. స్టేషన్ పక్కన పెద్ద చెరువుంది, చలికాలంలో దాని మీద వలస బాతులు వాలతాయి. అంతకుమించి ఆ పేరుతో మనకు పనిలేదు.

కానీ కోల్‌కతా ఫుట్‌బాల్ సంగతి తెలియాలంటే ఇలాంటి ఊళ్ల నుంచే చూడాలి. సాల్ట్‌లేక్ స్టేడియం నింపేవాళ్లలో చాలామంది నగరం నడిబొడ్డున ఉండరు. హుగ్లీ నదికి పడమటి ఒడ్డున, లోకల్ రైళ్లు ఆగే శివార్లలో ఉంటారు. సంత్రాగాఛి నుంచి స్టేడియానికి వెళ్లాలంటే హౌరా దాకా లోకల్, ఆ తర్వాత బస్సో పడవో, మళ్లీ బస్సు. లేదా విద్యాసాగర్ సేతు మీదుగా నగరం మొత్తం చుట్టి రావాలి. 2025 ఆగస్టు 17 ఆదివారం రాత్రి డ్యూరాండ్ కప్ క్వార్టర్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను 2-1తో ఈస్ట్ బెంగాల్ ఓడించినప్పుడు, ఈ ఒడ్డు నుంచి వెళ్లిన అభిమాని ఇల్లు చేరింది అలాగే. సరిగ్గా అయిదు రోజుల తర్వాత, ఆగస్టు 22న, ఎస్‌ప్లనేడ్-సియాల్దా మధ్య మిగిలిపోయిన మెట్రో ముక్కను ప్రధాని ప్రారంభించారు. ఇప్పుడు హౌరాలో రైలు దిగి, నది కింద నుంచి వెళ్లే మెట్రో ఎక్కితే నేరుగా సాల్ట్‌లేక్ స్టేడియం స్టేషన్లో దిగొచ్చు.

దారి సిద్ధమైంది. ఆ దారిన వెళ్లి చూడ్డానికి ఆట ఉంటుందా అన్నదే అప్పటికి తేలలేదు.

ఈస్ట్ బెంగాల్ అభిమానుల్లో ఆ నెల కనిపించిన వింత మనఃస్థితికి మూలం ఇదే. గెలిచారు, అది కూడా బద్ధశత్రువు మీద. 2024-25 సీజన్లో ఐఎస్ఎల్ షీల్డూ కప్పూ రెండూ ఎత్తుకెళ్లిన జట్టు మీద. అయినా గొంతు పూర్తిగా విప్పి అరవలేదు. 'బాగానే ఉంది, చూద్దాం' అన్న దగ్గర ఆగిపోయారు. బయటివాళ్లకు ఇది నిరాశావాదంలా కనిపించవచ్చు. నా లెక్కలో అది అనుభవం నేర్పిన లెక్క.

ఇల్లు అలికిన ప్రతిసారీ

ముందు ఆ లెక్క చూద్దాం. ఈస్ట్ బెంగాల్ 2020లో ఐఎస్ఎల్‌లోకి వచ్చింది. మొదటి అయిదు సీజన్లలో దాని స్థానాలు వరుసగా 9, 11, 9, 9, 9. ప్లేఆఫ్స్‌కు ఒక్కసారీ చేరలేదు. ఆ అయిదు సీజన్ల ఐఎస్ఎల్‌లో మోహన్ బగాన్‌తో పది డర్బీలు ఆడితే తొమ్మిది ఓడి, ఒకటి డ్రా చేసుకుంది. వందేళ్లు దాటిన చరిత్ర ఉన్న క్లబ్బుకి ఇవి తలెత్తుకునే అంకెలు కావు.

అయితే ఈ అయిదేళ్లలో ఆశ పుట్టించే గెలుపులు రాలేదా అంటే, వచ్చాయి. అసలు బాధ అక్కడే ఉంది.

2023 ఆగస్టు 12. ఇదే డ్యూరాండ్ కప్, ఇదే స్టేడియం. నందకుమార్ శేఖర్ గోల్‌తో ఈస్ట్ బెంగాల్ 1-0తో డర్బీ గెలిచింది. వరుసగా ఎనిమిది డర్బీలు ఓడిన తర్వాత, నాలుగున్నరేళ్లకు దొరికిన గెలుపు అది. ఇక రోజులు మారాయన్నారు. సెప్టెంబర్ 3న అదే టోర్నీ ఫైనల్లో అదే మోహన్ బగాన్ చేతిలో 0-1తో ఓడిపోయారు. ఆ సీజన్ ఐఎస్ఎల్‌లో తొమ్మిదో స్థానం.

2024 జనవరి 28. భువనేశ్వర్‌లో ఒడిశా ఎఫ్‌సీ మీద ఎక్స్‌ట్రా టైమ్‌లో 3-2తో గెలిచి సూపర్ కప్ తెచ్చారు. 2012 ఫెడరేషన్ కప్ తర్వాత జాతీయ స్థాయిలో తొలి ట్రోఫీ. పన్నెండేళ్ల దాహం. కోచ్ కార్లెస్ క్వాద్రాత్‌ను దేవుడిలా చూశారు. ఎనిమిది నెలలు తిరిగేసరికి కొత్త ఐఎస్ఎల్ సీజన్లో మొదటి మూడు మ్యాచ్‌లూ ఓడి క్వాద్రాత్ రాజీనామా చేశారు. మొదటి ఆరు మ్యాచ్‌లూ ఓడిపోయాక గానీ తొలి పాయింట్ రాలేదు. మధ్యలో వచ్చిన ఆస్కార్ బ్రుజోన్ భూటాన్‌లో జరిగిన ఏఎఫ్‌సీ చాలెంజ్ లీగ్‌లో జట్టును గ్రూపు అగ్రస్థానంలో నిలబెట్టారు. మళ్లీ ఆశ. మార్చిలో తుర్క్‌మెనిస్తాన్ క్లబ్ ఆర్కదాగ్ చేతిలో రెండు లెగ్గులూ ఓడి బయటకు వచ్చారు. ఐఎస్ఎల్‌లో మళ్లీ తొమ్మిది.

ఇల్లు అలకగానే పండగ కాదని మనవాళ్లు అంటారు. ఈ అభిమానులు అప్పటికి మూడేళ్లుగా ఇల్లు అలుకుతూనే ఉన్నారు, పండగే రాలేదు. అలాంటివాళ్లను ఆగస్టులో ఒక గెలుపు చూపించి ఎగిరి గంతెయ్యమంటే ఎలా?

ఇంకో సంగతి. సీజన్ మొదట్లో వచ్చే గెలుపుల విలువ ఎదురుగా ఎవరున్నారన్న దాని మీద ఉంటుంది. ఈసారి డ్యూరాండ్ గ్రూపు దశలో ఈస్ట్ బెంగాల్ బెంగళూరుకు చెందిన సౌత్ యునైటెడ్‌పై 5-0తో, నామ్‌ధారిపై 1-0తో, భారత వైమానిక దళం జట్టుపై 6-1తో గెలిచింది. పన్నెండు గోల్స్ కొట్టి ఒక్కటి ఇచ్చింది. అంకెలు కళ్లు చెదిరేలా ఉన్నాయి గానీ, ఆ జట్లలో ఒక్కటీ ఐఎస్ఎల్‌లో ఆడేది కాదు. అమెరికాలో చదువుకునే మన పిల్లలకు ఈ వ్యవహారం బాగా తెలుసు. అక్కడి కాలేజీ ఫుట్‌బాల్ (మనం ఫుట్‌బాల్ అనే ఆట కాదనుకోండి) సీజన్ సరిగ్గా ఈ రోజుల్లోనే మొదలవుతుంది. పెద్ద యూనివర్సిటీలు తొలి వారాల్లో చిన్న కాలేజీలకు డబ్బిచ్చి మరీ తమ స్టేడియానికి పిలిపించుకుని చిత్తుగా ఓడిస్తాయి. అభిమానులు చప్పట్లు కొడతారు గానీ ఆ గెలుపును లెక్కలో వేసుకోరు. ఎప్పుడైనా లెక్క తప్పుతుంది కూడా. 2007లో మిషిగన్ యూనివర్సిటీ తన సొంతగడ్డ మీద అప్పలేచియన్ స్టేట్ చేతిలో 32-34తో ఓడింది. ఆ ఓటమిని అక్కడ ఇప్పటికీ తలుచుకుంటారు.

కాబట్టి డర్బీకి ముందు ఈస్ట్ బెంగాల్ అభిమానికి ఉన్న ప్రశ్న ఒక్కటే. గట్టి జట్టు ఎదురైతే ఏమవుతుంది? ఆగస్టు 17న దానికి సగం జవాబు దొరికింది. గ్రీకు స్ట్రైకర్ దిమిత్రియోస్ దియమాంతకోస్ మొదటి సగంలో పెనాల్టీని, రెండో సగం మొదట్లో మరో గోల్‌ను కొట్టాడు. అనిరుధ్ థాపా ఒకటి తిరిగిచ్చాక చివరి ఇరవై నిమిషాలు మోహన్ బగాన్ ఒత్తిడి పెట్టినా రక్షణ పంక్తి చెదరలేదు. గత సీజన్లో ఇలాంటి చోటే ఈ జట్టు కుప్పకూలేది. అందుకే ఆ ఇరవై నిమిషాలే నాకు రెండు గోల్స్ కంటే విలువైనవిగా కనిపించాయి. కొత్తగా తెచ్చిన బిపిన్ సింగ్, ఎడ్మండ్ లాల్‌రిండికా, బ్రెజిల్ ఆటగాడు మిగెల్ ఫిగేరా, అర్జెంటీనా డిఫెండర్ కెవిన్ సిబియే వంటివాళ్ల వల్ల జట్టుకు ఈసారి ఒక రూపం వచ్చిందన్నది నిజం.

మిగతా సగం జవాబు మూడు రోజుల్లో వచ్చేసింది. ఆగస్టు 20న అదే సాల్ట్‌లేక్‌లో సెమీఫైనల్. ఎదురుగా డైమండ్ హార్బర్ ఎఫ్‌సీ. 2022లో పుట్టిన క్లబ్, తృణమూల్ ఎంపీ అభిషేక్ బెనర్జీ అండతో నడిచేది. గ్రూపు దశలో మోహన్ బగాన్ చేతిలో 1-5తో ఓడిన జట్టు. కోచ్ కిబు వికునా ఒకప్పుడు మోహన్ బగాన్‌కు ఐ-లీగ్ తెచ్చినవాడు. మికెల్ కొర్తాసార్ గోల్ కొడితే, వెంటనే అన్వర్ అలీ సమం చేశాడు. చివర్లో గెలుపు గోల్ కొట్టింది జాబీ జస్టిన్, ఒకప్పటి ఈస్ట్ బెంగాల్ ఆటగాడు. 1-2. ఇంటికి.

ఆ డైమండ్ హార్బర్ ఫైనల్లో నార్త్ఈస్ట్ యునైటెడ్ చేతిలో 1-6తో చిత్తయింది. అంటే ఈస్ట్ బెంగాల్‌ను ఓడించినవాళ్లు గొప్ప జట్టు కాబట్టి ఓడించారని సర్దిచెప్పుకునే వీలూ లేకుండా పోయింది.

ఆలు లేదు, చూలు లేదు

మామూలు సంవత్సరమైతే కథ ఇక్కడితో ఆగేది. టోర్నీ పోయింది, లీగ్ ఉందిగా అనుకునేవారు. డర్బీలో కనిపించిన మంచి లక్షణాలు లీగ్‌లో నిలబడతాయా అని వాదించుకుంటూ సెప్టెంబర్ కోసం ఎదురుచూసేవారు. ఆ ఏడాది ఆ వాదనకు ఆధారమే లేకపోయింది. లీగ్ ఎప్పుడో అప్పటికి ఎవరికీ తెలియదు.

అప్పటిదాకా ఐఎస్ఎల్‌ను నడిపింది రిలయన్స్‌కు చెందిన ఫుట్‌బాల్ స్పోర్ట్స్ డెవలప్‌మెంట్ లిమిటెడ్. 2010 డిసెంబర్‌లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యతో పదిహేనేళ్ల ఒప్పందం కుదిరింది. రిలయన్స్ సంస్థ ఏడాదికి 50 కోట్ల రూపాయలు సమాఖ్యకు ఇచ్చేది, బదులుగా వాణిజ్య హక్కులన్నీ దానివిగా ఉండేవి. ఆ ఒప్పందం 2025 డిసెంబర్ 8తో ముగిసింది. సాధారణంగా సెప్టెంబర్‌లో మొదలై ఏప్రిల్ దాకా నడిచే లీగ్‌కు మూడో వంతు సీజన్లో కాగితం చెల్లిపోతుందన్నమాట. పదిహేనేళ్ల ముందే తెలిసిన తేదీ ఇది. అయినా ఆగస్టు నాటికి కొత్త ఒప్పందం కుదరలేదు. సమాఖ్య నియమావళి కేసు అప్పట్లో సుప్రీంకోర్టులో ఉండేది, తీర్పు వచ్చేదాకా ఒప్పందాలు చేసుకోవద్దని కోర్టు చెప్పింది. ఆ మాట పట్టుకుని జులై 11న రిలయన్స్ సంస్థ 'సీజన్‌ను పక్కన పెడుతున్నాం' అని క్లబ్బులకు కబురు పంపింది.

తర్వాత జరిగినవి వరుసగా చూస్తే భయం వేస్తుంది. ఆగస్టు మొదట్లో బెంగళూరు ఎఫ్‌సీ తన మొదటి జట్టు ఆటగాళ్లకూ సిబ్బందికీ జీతాలు నిరవధికంగా ఆపేస్తున్నట్టు ప్రకటించింది. చెన్నయిన్, ఒడిశా కూడా అదే దారి. పదకొండు క్లబ్బులు కలిసి, ఇలాగే ఉంటే మూసేసుకోవాల్సి వస్తుందని సమాఖ్యకు రాశాయి. ఆగస్టు చివరి వారంలో ఫిఫా, ఆసియా సమాఖ్య రంగంలోకి దిగాయి. అక్టోబర్ 30లోగా నియమావళి ఖరారు చేయకపోతే నిషేధం తప్పదని హెచ్చరించాయి. 2022 ఆగస్టులో ఒకసారి పదకొండు రోజుల పాటు ఆ నిషేధం రుచి చూశాం. ఆగస్టు 28న సమాఖ్య, రిలయన్స్ సంస్థ కలిసి బహిరంగ టెండరుకు ఒప్పుకుంటున్నట్టు కోర్టుకు చెప్పాయి. దాంతో ఊపిరి పీల్చుకున్నారు గానీ, టెండరు పిలిచి, ఎవరో ఒకరు వేసి, ప్రసార హక్కులు అమ్ముడై, షెడ్యూలు వచ్చేసరికి ఏ నెల అవుతుందో అప్పటికి తెలియలేదు.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఈస్ట్ బెంగాల్ ఐఎస్ఎల్‌లో ఎన్నో స్థానంలో ఉంటుందని ఆ ఆగస్టులో లెక్కలేసే పరిస్థితి అదే.

ఈ గొడవలో తెలుగువాళ్ల చెయ్యి కాస్త ఎక్కువే ఉండటం యాదృచ్ఛికం. ఆ నియమావళి ముసాయిదా రాసింది సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు. కేసు విన్న ధర్మాసనంలో ఉన్నది జస్టిస్ పి.ఎస్. నరసింహ, పక్కన బెంగాలీ న్యాయమూర్తి జస్టిస్ జయమాల్య బాగ్చీ. ముసాయిదాలో పదవీకాలాల పరిమితులు, ఆటగాళ్లకు ఓటు, కింది స్థాయి నుంచి పైకీ, పై నుంచి కిందికీ జట్లు మారే పద్ధతి వంటి మంచి విషయాలున్నాయి. వాటి మీద ఏళ్ల తరబడి సాగదీసినవాళ్లది తప్పు. తీర్పు రాసేవాళ్లది కాదు.

నా అభ్యంతరం ఇంకొకటుంది. ఈ చర్చలన్నిటిలో ఒప్పందం విలువ ఎంత, ప్రసార హక్కుల ధర ఎంత, క్లబ్బుల నష్టం ఎంత అన్న మాటలే. సంత్రాగాఛిలో లోకల్ ఎక్కే మనిషిని ఎవరూ లెక్కించడం లేదు. అతను ఎలాగూ వస్తాడని నమ్మకం. నిజమే, ఇన్నాళ్లూ వచ్చాడు. యజమానులు మారినా వచ్చాడు. ఈస్ట్ బెంగాల్‌కు 2018 నుంచి క్వెస్, శ్రీ సిమెంట్, ఇమామీ అని మూడు పెట్టుబడులు మారాయి. 2021 జులైలో క్లబ్ పెద్దలు ఒప్పందం మీద సంతకం పెట్టకుండా నాన్చుతున్నారని అభిమానులే క్లబ్ ముందు ధర్నా చేసి లాఠీదెబ్బలు తిన్నారు. అటువైపు మోహన్ బగాన్ పేరు ముందు ఏటీకే తగిలిస్తే, దాన్ని తీసేసేదాకా రెండున్నరేళ్లు వాళ్ల అభిమానులు పోరాడారు. 2024 ఆగస్టు 18న ఆర్‌జీ కర్ ఆసుపత్రి ఘటన నేపథ్యంలో పోలీసు బలగాలు చాలవంటూ డ్యూరాండ్ డర్బీని రద్దు చేస్తే, రెండు క్లబ్బుల అభిమానులూ, మహమ్మదన్ వాళ్లూ కలిసి స్టేడియం బయట భుజం భుజం కలిపి న్యాయం కావాలని నినదించారు. ఏడాది తిరిగేసరికి అదే చోట మళ్లీ శత్రువులుగా కూర్చున్నారు. ఈ ఆట వీళ్లకు కాలక్షేపం కాదని అర్థం కావడానికి ఇంకేం కావాలి?

అమ్ముగూడ నుంచి, కిసాన్‌నగర్ తండా నుంచి

మనకెందుకు ఈ గొడవ అనే పాఠకులు ఉంటారు. వాళ్ల కోసం కొంచెం వెనక్కి వెళ్లాలి.

సికింద్రాబాద్ అమ్ముగూడలో 1936లో పుట్టిన తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లారు. 1961లో ఆయన కెప్టెన్సీలో క్లబ్ కలకత్తా లీగ్ గెలిచింది. 1956, 1960 ఒలింపిక్స్ ఆడారు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో చునీ గోస్వామి, పి.కె. బెనర్జీలతో కలిసి స్వర్ణం తెచ్చిన జట్టులో ఉన్నారు. ఆ జట్టు కోచ్ మన హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం. బలరాం తన ఆట చివరి రోజుల్లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేకు ఆడారు. అంటే సంత్రాగాఛి మీదుగా బళ్లు నడిపే ఇప్పటి ఆగ్నేయ రైల్వే జట్టుకే. అనారోగ్యంతో ఇరవై ఏడేళ్లకే ఆట మానేయాల్సి వచ్చింది. తర్వాత సొంతూరికి రాలేదు. నది పడమటి ఒడ్డునే ఉత్తరపారాలో స్థిరపడి, 2023 ఫిబ్రవరి 16న కన్నుమూశారు.

మహమ్మద్ హబీబ్ కూడా హైదరాబాదే. ఈస్ట్ బెంగాల్‌కూ మోహన్ బగాన్‌కూ ఆడిన 'బడే మియా'. 1977లో పీలే న్యూయార్క్ కాస్మోస్‌తో ఈడెన్ గార్డెన్స్‌కు వచ్చినప్పుడు మోహన్ బగాన్ 2-2తో నిలిచిన మ్యాచ్‌లో ఒక గోల్ ఆయనది. తమ్ముడు అక్బర్ 1976లో డర్బీ మొదలైన 17 సెకన్లకే గోల్ కొట్టాడు. హబీబ్ 2023 ఆగస్టు 15న పోయారు. పైన చెప్పిన ఆ నందకుమార్ గోల్‌కు సరిగ్గా మూడు రోజుల తర్వాత.

వీళ్లంతా అక్కడికి ఎందుకు వెళ్లారు? హైదరాబాద్‌లో ఆట లేక కాదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 డ్యూరాండ్ కప్‌లో మోహన్ బగాన్‌నే ఓడించింది. రోవర్స్ కప్ వరుసగా అయిదేళ్లు గెలిచింది. ఆట ఇక్కడా ఉంది. ఇక్కడ లేనిది ప్రతి శనివారం సాయంత్రం పని ముగించుకుని లోకల్ ఎక్కి వచ్చే జనం. ఆ జనం ఉన్నచోటే ఆటగాడికి జీతమూ పేరూ ఉంటాయి.

జనం లేకుండా డబ్బుతో మాత్రమే కట్టిన ఇల్లు ఎలా ఉంటుందో కూడా హైదరాబాదే చూపించింది. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ విజేత అయింది. రెండేళ్లు తిరక్కుండానే జీతాలందక ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 2023-24 సీజన్లో ఒకే ఒక్క మ్యాచ్ గెలిచి అట్టడుగున నిలిచింది. ఆ తర్వాత క్లబ్ చేతులు మారింది. ఆ పతనం జరుగుతున్నప్పుడు నగరంలో ఎంతమంది రోడ్డెక్కారు? ఈస్ట్ బెంగాల్‌కు అదే జరిగి ఉంటే? 2021 జులై మనకు జవాబు చెప్పింది.

ఇప్పుడు ఆశ గురించి ఒక మాట. ఈస్ట్ బెంగాల్ అభిమాని నిర్భయంగా సంబరపడగలిగిన గెలుపు ఆ నెలలో ఒకటుంది. అది సాల్ట్‌లేక్‌లో రాలేదు. ఆగస్టు 25న కంబోడియా రాజధానిలో ఆ క్లబ్ మహిళల జట్టు ఆసియా మహిళా చాంపియన్స్ లీగ్ ప్రాథమిక దశలో ఫ్నామ్ పెన్ క్రౌన్‌ను 1-0తో ఓడించింది. అంతకుముందు, 2025 ఏప్రిల్‌లో భారత మహిళా లీగ్ గెలిచింది. 2003-04లో పురుషుల జట్టు జాతీయ లీగ్ గెలిచిన తర్వాత ఆ క్లబ్ గడప తొక్కిన తొలి జాతీయ లీగ్ టైటిల్ అది. ఇరవై ఒక్క ఏళ్ల ఎదురుచూపును తీర్చింది అమ్మాయిలు. అందులో ముఖ్యపాత్ర నిజామాబాద్ జిల్లా కిసాన్‌నగర్ తండా నుంచి వెళ్లిన గుగులోత్ సౌమ్యది. ఆ సీజన్ దేశంలో ఉత్తమ క్రీడాకారిణి అవార్డు ఆమెకే దక్కింది. మన పత్రికల్లో క్రికెట్ పేజీల మధ్య ఆ వార్తకు దొరికిన చోటు చూస్తే బలరాం ఎందుకు తిరిగి రాలేదో అర్థమవుతుంది.

మహిళల లీగ్‌కూ డబ్బు సమాఖ్య నుంచే రావాలి. ఆ 50 కోట్లు ఆగిపోతే మొదట కోత పడేది అమ్మాయిల ఆటకీ, పిల్లల టోర్నీలకీ. ఐఎస్ఎల్ ఆలస్యమైతే మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ బతుకుతాయి. వాటికి కలకత్తా లీగ్ ఉంది, డ్యూరాండ్ ఉంది, ఇమామీలూ గోయెంకాలూ ఉన్నారు, అన్నిటికీ మించి మనుషులున్నారు. తండా నుంచి వచ్చే తర్వాతి పిల్లకు ఇవేవీ లేవు.

2025 ఆగస్టు 29, శుక్రవారం, అప్పటి కొత్త కోచ్ ఖాలిద్ జమీల్ తొలి మ్యాచ్‌లో భారత జట్టు తజికిస్తాన్ మీద వాళ్ల గడ్డపైనే 2-1తో గెలిచింది. మొదటి గోల్ ఈస్ట్ బెంగాల్ అన్వర్ అలీది. జులైలో ప్రపంచ ర్యాంకు 133కు పడిపోయిన జట్టుకు ఇది పెద్ద ఊరట. శిబిరానికి మోహన్ బగాన్ తన ఆటగాళ్లను పంపలేదు. గెలిచాక కూడా అభిమానుల మాట అదే: బాగానే ఉంది, చూద్దాం.

ముందుగా సూపర్ కప్ పెట్టి సీజన్ మొదలుపెడతామని సమాఖ్య అప్పట్లో చెప్పింది. ఆ తర్వాతే ఐఎస్ఎల్. అప్పటికి సుప్రీంకోర్టు ఈ వ్యవహారాన్ని సెప్టెంబర్ మొదట్లో మళ్లీ చూడాల్సి ఉంది. బ్రుజోన్ శిక్షణ శిబిరం మాత్రం నడిచింది, ఏ మ్యాచ్ కోసమో ఇంకా తెలియకుండానే.